ఒక్క శీతాకాలం వయసున్న టైర్లు

ఆగాల్సిన చోట కారు ఆగలేదు.

గురువారం పొద్దున్న తొమ్మిదిన్నరకి, లెంతీరా ఊరిదారి వెళ్ళి పెద్ద రోడ్డులో కలిసేచోట, తౌనో బ్రేకు తొక్కాడు. ఎప్పుడూ తొక్కే చోటే తొక్కాడు. ముప్ఫై నాలుగేళ్ళు అదే మలుపులో బస్సు ఆపిన కాలు అది. కారు మాత్రం తనకేమీ పట్టనట్టు ముందుకు జారింది. ఆగమని చెప్పే ఎర్ర పలకను దాటింది. పెద్ద రోడ్డు మీదికి సగం వెళ్ళి అప్పుడు ఆగింది. ఎడమవైపు నుంచి వస్తున్న దుంగల లారీ హారన్ మోగిస్తూ అవతలి అంచుకు ఒరిగి దూసుకుపోయింది. దాని గాలికి కారు ఊగింది.

ముందు సీట్లో ఇంపి, వెనక సీట్లో సైమా, ఇద్దరూ అదే ఊరి ముసలమ్మలు. ఇద్దరూ నోరు మెదపలేదు. ఇంపి నోరు మెదపకపోవడం తౌనో ఎరిగిన అరవై ఏళ్ళలో అదే మొదటిసారి.

"జారుడుగా ఉంది," అన్నాడు తౌనో.

"ఉంది," అంది సైమా.

అంతే. ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కుహ్మో పట్నంలో ప్రతి గురువారంలాగే మందుల షాపు, ఈత హాల్లో ఆడవాళ్ళ నీళ్ళ వ్యాయామం, కిరాణా, కాఫీ. చీకటి పడకముందే ఇంటికి. తిరుగు ప్రయాణంలో తౌనో నలభై అయిదు కిలోమీటర్లూ ఎద్దుబండిలా నడిపాడు.

ఆ రోజు నుంచి అతనికి ఒకటే ప్రశ్న. తప్పు టైర్లదా, కాలిదా?

డెబ్భై తొమ్మిదేళ్ళ కాలు. క్రితంసారి లైసెన్సు పొడిగించడానికి అయిదేళ్ళు రాసిచ్చిన డాక్టరమ్మ, మొన్న సెప్టెంబరులో రెండంటే రెండేళ్ళు రాసింది. "ఈ వయసులో కళ్ళూ కాళ్ళూ ఎప్పుడు నెమ్మదిస్తాయో చెప్పలేం కదండీ," అంది నవ్వుతూ. ఆ మాట అప్పుడు చెవిలోకి వెళ్ళలేదు. గురువారం వెళ్ళింది.

కాలిదే తప్పయితే ఏం చెయ్యాలో తౌనోకి తెలుసు. తాళం చెవి గోడకి తగిలించెయ్యాలి. అతను నడిపిన బస్సు నాలుగేళ్ళ కిందటే రద్దయింది. సైమాకి డ్రైవింగు రాదు. ఇంపికి వచ్చు గానీ, కళ్ళకి పొర కమ్మింది. ఈ కారు ఆగిపోతే ముగ్గురి గురువారాలూ ఆగిపోతాయి. కానీ వెనక సీట్లో మనిషిని కూర్చోబెట్టుకుని, ఆపలేని కాలితో నడపడం డ్రైవరు చేసే పని కాదు.

అందుకే అతను తన టైర్ల మీద నేరం రుజువు కావాలని కోరుకున్నాడు. నాలుగు చక్రాల దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని, రెండు యూరోల నాణెం తీసి గాడిలో నిలబెట్టి చూశాడు. నాణెం అంచున ఉండే వెండి రంగు పట్టీ గాడిలో మునిగితే టైరు మంచిదని లెక్క. నాలుగింట్లోనూ నిండా మునిగింది. ఇంకా మిగిలింది కూడా.

మునగక ఏం చేస్తుంది? ఆ టైర్ల వయసు ఒక్క శీతాకాలం.

*

సోమవారం తౌనో ఒక్కడే కుహ్మో వెళ్ళి, మెర్వి టైర్ల కొట్టు ముందు కారు ఆపాడు.

లోపల రబ్బరు వాసన, కాఫీ వాసన. పై అరల్లో ఊరందరి వేసవి టైర్లూ పేర్ల చీటీలు కట్టించుకుని ఏప్రిల్ దాకా నిద్రపోతున్నాయి. మెర్వి నలభై ఏడేళ్ళ మనిషి. తండ్రి తర్వాత కొట్టు తనే నడుపుతోంది. చిన్నప్పుడు తొమ్మిదేళ్ళు తౌనో బస్సులోనే బడికి వెళ్ళింది. అందుకే అతను ఉద్యోగం మానేసి ఇన్నేళ్ళయినా పిలుపు మారలేదు.

"రండి డ్రైవర్ గారూ! ఈ పుర్రె వాతావరణంలో బయల్దేరారా?"

నేలంతా అద్దంలా గడ్డకట్టిన రోజుని అక్కడ అలాగే అంటారు. ముందురోజు వాన పడింది, తెల్లారేసరికి గడ్డకట్టింది.

"నా టైర్లు ఒకసారి చూడమ్మాయ్."

"ఏమైంది వాటికి?"

"ఏమీ కాలేదు. చూడమంటే చూడొచ్చుగా."

మెర్వి కాఫీ కప్పుతోనే బయటికి వచ్చి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. మంచు మీద పట్టుకి ఇనప మేకులు పొదిగిన రకం కాదు, మేకుల్లేని చలికాలపు టైర్లు. గాడి లోతు ఎనిమిది మిల్లీమీటర్ల పైనే ఉంటుంది.

"కొత్తవిలా నిగనిగలాడుతున్నాయి. ఇంకా ఏం చూడాలి?"

తీర్పు వచ్చేసింది. టైర్లు నిర్దోషులు.

"సరే అయితే," అన్నాడు, కారు తలుపు మీద చెయ్యి వేసి.

"ఆగండాగండి. ఇవి నా దగ్గర కొన్నవి కావే?" మెర్వి కళ్ళు చిట్లించింది. "పరాయి కొట్టు గుమ్మం ఎక్కారన్నమాట."

"కజానిలో కొన్నాలే. ఒక షాపు మూసేస్తూ సగం ధరకి ఇచ్చారు."

"కజానిలో మూసేసిన షాపా? అది మూసినప్పుడు మా పాపకి పేరు పెట్టాం. అదిప్పుడు ఏడో తరగతి!"

"అవునూ, అప్పుడే కొన్నా. కొని కొట్టంలో పెట్టా. ముందున్న జతలు అరగాలిగా? పోయినేడు వీటి వంతొచ్చింది. ఒక్క శీతాకాలం తిరిగాయి, ఇప్పుడు రెండోది మొదలైంది."

తౌనో ఈ లెక్క చెప్పడంలో తప్పేమీ లేదు. అక్కడ అందరూ అలాగే చెబుతారు. అయిదు నెలలు కారు కింద, ఏడు నెలలు కొట్టంలో. కారు కింద ఉన్న కాలమే టైరుకి వయసు. కొట్టంలో ఉన్న కాలం దేవుడు కూడా లెక్కపెట్టడు.

మెర్వి కప్పు కారు పైన పెట్టి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుంది. చేతి తొడుగుతో పక్క గోడ మీది బురద తుడిచింది. కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగు అంకెలు బయటపడ్డాయి.

"ముప్ఫై ఎనిమిది, పదకొండు," చదివింది. "రెండువేల పదకొండు, ముప్ఫై ఎనిమిదో వారం. ఇది దీని పుట్టినరోజు. డ్రైవర్ గారూ, వీటికి పదమూడేళ్ళు!"

"పుట్టినరోజుదేముంది? తిరగందే అరుగుతాయా?"

"అరగలేదు. ఎండిపోయాయి."

"ఎండ తగల్లేదు, వాన తగల్లేదు. సంచుల్లో చుట్టి మరీ పెట్టా."

"రొట్టె కొని గుడ్డలో చుట్టి అరలో పెట్టారనుకోండి. ముక్క కూడా కొయ్యలేదు. పదమూడు రోజుల తర్వాత మెత్తగా ఉంటుందా?"

తౌనో టైరుని బూటు కొసతో తన్ని చూశాడు.

మెర్వి లోపలికి వెళ్ళి, గడియారంలాంటి గుండ్రటి పరికరం ఒకటి తెచ్చింది. దాని అడుగున చిన్న సూది. టైరు మీద నొక్కితే రబ్బరు ఎంత గట్టిపడిందో ముల్లు చూపిస్తుంది. తౌనో టైరు మీద ముల్లు డెబ్భై ఆరు దగ్గర ఆగింది. అతన్ని లోపలికి తీసుకెళ్ళి, అరలో ఉన్న అదే రకం కొత్త టైరు మీద నొక్కింది. యాభై రెండు.

"ఎంత మెత్తగా ఉంటే మంచుని అంతగా పట్టుకుంటుంది. మీది ఐస్ హాకీ ఆడే రాయిలాంటి రబ్బరు బిళ్ళ అయిపోయింది."

మరొకడైతే అక్కడితో ఎగిరి గంతేసేవాడు. తౌనోకి ఆ తీర్పు మింగుడు పడలేదు. ఇది మరీ సులువుగా వచ్చింది. పైగా తీర్పు చెప్పింది ఎవరు? టైర్లు అమ్మే మనిషి.

"నీకేం, నువ్వు టైర్లదే తప్పంటావు. చేపలమ్మే వాడు మాంసం మంచిదంటాడా?"

"ఏం తప్పు?" మెర్వి అతని మొహంలోకి చూసింది. "డ్రైవర్ గారూ, ఏం జరిగింది?"

తౌనో కిటికీలోంచి తన కారుని చూశాడు. తర్వాత చెప్పాడు. మలుపు, ఎర్ర పలక, లారీ, ఇంపి నోరు. డాక్టరమ్మ రెండేళ్ళు. అన్నీ. బస్సులో స్టాపుల పేర్లు చదివినట్టు, గొంతు మార్చకుండా చెప్పాడు.

"కాలు ఆలస్యం చేసిందేమో తేలాలి," అన్నాడు. "ముల్లు చూపించే అంకెలు నాకొద్దు. నాకు రుజువు కావాలి."

మెర్వి వెంటనే ఏ ఓదార్పూ చెప్పలేదు. అందుకే తౌనోకి ఆమె మీద నమ్మకం కలిగింది. గోడకున్న కోటు తీసుకుంది.

"పదండి. వెనక పెరడంతా అద్దమే."

*

కొట్టు వెనక పాత దుంగల యార్డు ఉంది. దుంగలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు అక్కడ ఉన్నదల్లా ఫుట్‌బాల్ మైదానమంత చదును నేల, దాని మీద వేలెడు మందాన మంచుగడ్డ. మెర్వి జారకుండా కాళ్ళకి మేకుల పట్టీలు తగిలించుకుని, రోడ్డు పనుల దగ్గర పెట్టే నారింజ రంగు టోపీ దిమ్మలు రెండు పట్టుకెళ్ళింది. ఒకటి ఇక్కడ, ఒకటి ఇరవై అయిదు అడుగులు నడిచి అవతల.

"ముప్ఫై వేగంతో రండి. మొదటి దిమ్మ దగ్గర బ్రేకు. రెండో దిమ్మ లోపల ఆగాలి. నేను అడుగులతో కొలుస్తా."

తౌనో కారుని యార్డు చివరికి తీసుకెళ్ళి తిప్పాడు. స్పీడోమీటరు ముల్లు ముప్ఫై చూపించింది. దిమ్మ వచ్చింది. తొక్కాడు.

కాలి కింద పెడలు గరగరమని కొట్టుకుంది. కారు అదే పోక పోయింది. రెండో దిమ్మ కిటికీ పక్కనుంచి తాపీగా వెనక్కి వెళ్ళిపోవడం అతను చూశాడు. గురువారం ఎర్ర పలక కూడా ఇలాగే, ఇంతే తాపీగా వెళ్ళింది.

మెర్వి అడుగులు వేసుకుంటూ వచ్చింది. "దిమ్మ దాటి పదకొండు."

తౌనో స్టీరింగు వదల్లేదు. "బ్రేకు ఎక్కడ తొక్కానో చూశావా?"

"నేను రెండో దిమ్మ దగ్గరున్నా. చూళ్ళేదు."

"మరి నాకెట్లా తెలుస్తుంది? కాలు లేటయిందో, టైరు జారిందో?"

మెర్వి ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత డ్రైవరు తలుపు తెరిచింది.

"దిగండి."

"ఏం?"

"దిగండి డ్రైవర్ గారూ. మీ కారు నాకివ్వండి. నా కాలికి నలభై ఏడేళ్ళు. కళ్ళద్దాలు కూడా లేవు."

తౌనో దిగాడు. మెర్వి తన మేకుల పట్టీలు విప్పి అతని బూట్లకి తగిలించింది, తనే వంగి. అతను రెండో దిమ్మ దగ్గర నిలబడ్డాడు. కారు వచ్చింది. మొదటి దిమ్మ దగ్గర బ్రేకు దీపాలు మంచు మీద ఎర్రగా మెరిశాయి. అక్కడే, సరిగ్గా అక్కడే. కారు అతని ముందు నుంచి జారుకుంటూ వెళ్ళింది. స్టీరింగు వెనక మెర్వి పెదాలు బిగించి ఉన్నాయి.

తౌనో అడుగులు లెక్కపెట్టాడు. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. కారు ఇంకా ముందుంది. పన్నెండు. పదమూడు.

వెనక బంపరు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"ఎంత?" మెర్వి అద్దం దించింది.

"పదమూడు."

"చూశారా, నాకంటే రెండు అడుగుల ముందే ఆపారు మీరు. మీ డాక్టరమ్మ నాకు ఒక్క ఏడాదే రాస్తుందేమో!"

తౌనోకి నవ్వొచ్చింది. నవ్వు మొదలయ్యాక అది నవ్వో మరొకటో తేల్చుకోవడానికి ముక్కు తుడుచుకోవాల్సి వచ్చింది. చలి కదా, ముక్కు కారుతుంది.

"ఇప్పుడు నా కారు తీసుకోండి," అంది మెర్వి. "మీదాని తమ్ముడే, అదే రకం కారు, రెండేళ్ళు చిన్నది. టైర్లు మూడేళ్ళవి, ఇలాగే మేకుల్లేనివి."

ఆమె కారులో అదే ముప్ఫై, అదే దిమ్మ, అదే కాలు. ఈసారి పెడలు కొట్టుకుంటుండగానే సీటు బెల్టు ఛాతీని పట్టుకుంది. కారు రెండో దిమ్మకి రెండడుగుల ఇవతల, చెప్పిన మాట విన్న కుక్కలా ఆగింది.

"కారు వేరు కదా," అన్నాడు తౌనో. వదిలే రకం కాదు.

"కారు తేడా ఒకటో రెండో అడుగులు. మిగతా పదకొండు మీ కొట్టంలో ఉన్నాయి." అని, మెర్వి గొంతు కొంచెం తగ్గించింది. "ఒకటి అడుగుతా, కోప్పడొద్దు. గురువారం ఆ మలుపులోకి ఎంత వేగంతో వచ్చారు?"

"ఎప్పుడూ వచ్చేదే. నలభై."

"పుర్రె వాతావరణంలో?"

"టైర్లు కొత్తవనుకున్నాగా," అన్నాడు తౌనో. అన్నాక ఆ మాట తనకే వినిపించింది. కాలు నిర్దోషి. టైర్లు కూడా, అవి చేయగలిగింది అవి చేశాయి. లెక్క పెట్టిన తల మాత్రం తనదే.

*

కొట్టులో కాఫీ పోస్తూ మెర్వి పళ్ళెం ముందుకు జరిపింది. రై పిండి అప్పాలు, మధ్యలో బంగాళాదుంప ముద్ద, పుల్లటి ఎర్ర పళ్ళు.

"మరి ఏం వేద్దాం?"

"వాడినవేవైనా ఉంటే చూడు. రెండు శీతాకాలాలు వస్తే చాలు. నా కాగితం అంతవరకే."

ఉన్నాయి. నాలుగు శీతాకాలాలు తిరిగిన జత ఒకటి మూలన ఉంది. మెర్వి దాని వైపు చూసింది గానీ లేవలేదు.

"రెండేళ్ళు వస్తాయి. కాదనను. కానీ అవి దాని చివరి రెండేళ్ళు. టైరుకీ ముసలితనం చివర్లోనే వస్తుంది. మీకు ఎనభై నిండుతుంటే దానికీ నిండుతూ ఉంటుంది. ముసలి డ్రైవరుకి ముసలి టైరా? ఇద్దర్లో ఒకళ్ళయినా కుర్రాళ్ళు ఉండొద్దూ?"

"కొత్తవి ఎన్నాళ్ళొస్తాయి?"

"మీరు తిరిగే తిరుగుడికి గాడి పదేళ్ళయినా అరగదు. దాన్ని నమ్మొద్దు. పుట్టినరోజు నుంచి ఆరేళ్ళు నిశ్చింతగా తిరగండి. ఆ తర్వాత ప్రతి శరదృతువులోనూ తీసుకొచ్చి నాకు చూపించండి, ముల్లు పెట్టి చెబుతా. తిరిగినా తిరగకపోయినా పదో ఏడు దాటనివ్వను."

"ఆరేళ్ళు," అన్నాడు తౌనో. "నాకప్పటికి ఎనభై అయిదు."

"కాగితం అయిపోతే టైర్లు నాకే ఇచ్చెయ్యండి. మంచి టైరుకి బేరం ఎప్పుడూ ఉంటుంది. అయిపోకపోతే మీ దగ్గరే ఉంటాయి. ఇందులో ఇబ్బందేముంది?"

తౌనో అప్పం కొరికి, నెమ్మదిగా నమిలాడు. ఇబ్బంది ఏమీ కనిపించలేదు.

"మేకులవా, లేనివా?"

"మీ మలుపు దగ్గర మంచు ఏప్రిల్ దాకా కరగదు. నన్నడిగితే మేకులవే."

"మేకులైతే గోల. ఇంపి ఊరుకోదు. మాట వినపడదంటుంది."

"ఇంపి గారి గొంతుకి మేకుల చప్పుడు అడ్డమా? బస్సులో చివరి సీట్లో కూర్చుని డ్రైవరుకి వినపడేట్టు మాట్లాడేవారు!"

"అదీ నిజమే," అన్నాడు తౌనో. "వెయ్యి."

నాలుగు కొత్త టైర్లు బిగించేముందు అతను ప్రతిదాని పక్కనా వంగి, పుట్టినరోజు తనే చదివాడు. నాలుగూ ఆ ఏటివే. మెర్వి ఏమీ అనకుండా ఎదురుచూసింది. బిగించాక చెప్పింది: "మొదటి అయిదొందల కిలోమీటర్లు మెత్తగా నడపండి. మేకులు కుదురుకోవాలి. ఒళ్ళో కోడిగుడ్ల బుట్ట ఉందనుకోండి."

పాత నాలుగూ కొట్టు మూలన పారేసే గుట్ట మీదికి చేరాయి. వాటి మీద ఒక్క గీత కూడా లేదు. వెళ్ళేముందు తౌనో ఒకదాని మీద అరచేత్తో తట్టాడు. గట్టిగా, బల్ల చెక్కలా ఉంది. పన్నెండేళ్ళు కొట్టంలోకి వెళ్ళినప్పుడల్లా చూసి సంతోషించిన ఆస్తి అది.

*

గురువారం ముందు సీట్లో సైమా కూర్చుంది. వెనక ఇంపి. కారు కదిలిన దగ్గర్నుంచి కింద మేకులు కటకటలాడుతున్నాయి.

"ఇదేం గోల తౌనో? వడగళ్ళ మీద పోతున్నట్టుంది!" వెనక నుంచి అరిచింది ఇంపి.

"మేకులు."

"ఏమిటీ?"

"మేకులూ!"

మలుపు దగ్గరపడింది. తౌనో చాలా ముందే కాలు తీశాడు. వేగం నలభై నుంచి ముప్ఫైకి, ముప్ఫై నుంచి ఇరవైకి తగ్గింది. అప్పుడు, ఒళ్ళో గుడ్ల బుట్ట పెట్టుకున్నవాడిలా, బ్రేకు మీద కాలు ఆనించాడు. మేకులు మంచుని కరిచాయి. ఎర్ర పలకకి ఇంకా రెండు అడుగులు ఉండగా కారు ఆగింది. పెద్ద రోడ్డు ఖాళీగా ఉంది. అయినా తౌనో రెండు వైపులా చూశాడు.

పక్కనుంచి చిన్న చప్పుడైంది. సైమా చెయ్యి హ్యాండ్ బ్రేకు మీద నుంచి జారి ఒళ్ళోకి వెళ్ళింది.

"అదేంటి?" అన్నాడు తౌనో.

"ఏదీ?"

"చెయ్యి ఎక్కడ పెట్టావ్?"

"చీట్లు వేసుకున్నాంలే," అంది వెనక నుంచి ఇంపి, లెంతీరా మొత్తానికి వినపడేట్టు. "ముందు ఎవరు కూర్చోవాలా అని. సైమాకి పడింది. నువ్వు ఆపకపోతే ఆ హ్యాండ్ బ్రేకు లాగాలని."

"మరి రానంటే పోయేదిగా!"

"రాకపోతే నీకు తెలిసిపోదూ, మేం భయపడ్డామని?" అంది సైమా.

అద్దంలో ఇంపి మొహం, పక్కన సైమా మొహం. ఇద్దరూ నీళ్ళ వ్యాయామం సంచుల్ని ఒళ్ళో పెట్టుకుని, గుడ్ల బుట్టల్లా పట్టుకున్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళని తను తీసుకెళ్తున్నాననుకున్నాడు.

"తప్పు టైర్లది," అన్నాడు. "కాదు, నాది. పాతవని లెక్క చూసుకోలేదు. మార్చాను."

"మార్చావా?" సైమా ఒక్కసారి అతని వైపు తిరిగింది. "డబ్బు పెట్టి కొన్నావా? అయ్యో దేవుడా, ఒక్క మాట నన్నడగొద్దూ! మా కొట్టంలో నాలుగు కొత్తవి ఉన్నాయి. మా ఆయన అర్వో చనిపోయిన ఏడాదే తెచ్చిపెట్టుకున్నాడు, పాపం ఎక్కించే యోగం లేకపోయింది. ఒక్క రోజు కూడా రోడ్డు మీద తిరగలేదు. క్రిస్మస్‌కి నీకే ఇద్దామనుకున్నా!"

తౌనో మనసులో లెక్కపెట్టాడు. అర్వో పోయి పదహారేళ్ళు.

"సైమా, నీకు దణ్ణం పెడతా. వాటిల్లో పూల మొక్కలు వేసుకో."

"కొత్త టైర్లలోనా!"

తౌనో గేరు వేశాడు. కుహ్మో ఇంకా ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లుంది. సైమా అంతదూరమూ ఆ మాట వదల్లేదు. వెనక నుంచి ఇంపి వంత పాడింది. ఇద్దరి గొంతుల కింద మేకుల చప్పుడు అసలు వినపడనే లేదు.